అయిదో కట్టైలో మూడో తీగ

ఐర్లండు పాటగాడి కచేరీ రోజున క్లబ్బు గుమ్మం దగ్గర పన్నీరు చల్లారు. నా ముందు నడిచిన మనిషికి చొక్కా కాలరు దాకా తడిసింది. నా వంతు వచ్చేసరికి బుడ్డి ఖాళీ. చల్లేవాడు రెండుసార్లు ఊపాడు. చుక్క రాలేదు. "సరి, లోపలికి పో అన్నా" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాను. నా తరవాతి మనిషికి బుడ్డి మళ్ళీ నింపి చల్లుతున్నారు.

ఇది జరిగాక యుద్ధం వచ్చింది, పోయింది. ఆ బుడ్డి పట్టుకున్న మనిషి కూడా పోయాడు. అయినా నా అనుమానం పోలేదు. బుడ్డి దానంతట అది ఖాళీ కాలేదు. ఆ సాయంత్రం నేను అక్కడికి రావడం క్లబ్బు సెక్రటరీకి ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో తెలియాలంటే ముందు నా పని ఏమిటో చెప్పాలి.

తమిళ సీమలో తెలుగువాళ్ళ ఊరు రాజపాళయంలో మా వీధికి ఒక చావడి ఉంది. తగవులు తీర్చడం, పెళ్ళి మాటలు మాట్లాడడం, పండగకు ఏం చేయాలో అనుకోవడం అన్నీ అక్కడే. శనివారం సాయంత్రం అక్కడే భజన. ఆ భజనకు చాలా ఏళ్ళు హార్మోనియం వాయించింది నేను. మిగతా రోజులు పత్తి చేను చూసుకునేవాణ్ణి. తళవాయిపురంలో గానీ సత్రపట్టిలో గానీ ఎవరి హార్మోనియం గొంతు పోయినా బస్సు మీద వేసుకుని నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. విప్పి, రీడు గీకి, తిత్తికి తోలు అతికించి ఇచ్చేవాణ్ణి. ఏ రీడు ఎంత దిగిందో చెప్పడానికి పక్కన ఇంకో హార్మోనియం పెట్టుకోవలసిన అవసరం నాకు ఉండేది కాదు. నా చెవే చెప్పేది. ఊళ్ళో ఎవరినడిగినా ఆ మాటే అనేవాళ్ళు, ఒక ఏడాది వానాకాలం దాకా.

ఆ వానాకాలంలో నా ఎడమ చెవికి చీము పట్టింది. పదిహేను రోజులు వెల్లుల్లి కాచిన నూనె పోసుకుని, దూది పెట్టుకుని తిరిగాను. ఊరంతా చూసింది. నయమైంది. నయమైందనే అందరికీ చెప్పాను. కానీ ఆ తరవాత కూడా అప్పుడప్పుడూ ఆ చెవిలో దూరంగా మిల్లు నడుస్తున్నట్టు ఒక మోత వచ్చేది. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. ఆమెకు అన్నదమ్ములు ముగ్గురున్నారు.

ఇక పియానో. పడమటి కొండల మీద ఏలకుల తోట పెట్టుకున్న దొర ఒకడు తన దేశానికి వెళ్ళిపోతూ దాన్ని వదిలేశాడు. మా ఊరి క్లబ్బువాళ్ళు ఎద్దుల బండిలో గడ్డి పరిచి కిందికి దింపించారు. హాల్లో గోడవార నిలబెట్టి, మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద పూలకుండీ పెట్టారు. వాయించేవాళ్ళెవరూ లేరు. ఒక ఎండాకాలం అలాగే ఉంది. అప్పుడు మిల్లు యంత్రాలు బిగించడానికి వచ్చిన దొర ద్వారా కబురు వచ్చింది. ఐర్లండు పాటగాడు ఒకడు, పియానో వాయించే తన పక్కవాద్యం మనిషితో కలిసి తిరువాంకూరు వైపు పాడి మదురైకి రైల్లో పోతున్నాడని, అడిగితే మన ఊళ్ళో ఒక పగలు దిగి పాడతాడని. క్లబ్బు సెక్రటరీ ఆ మాట పట్టుకుని ఊరంతా తిరిగాడు.

సెక్రటరీ నాకు వరసకు బావ. నేనూ అతన్ని బావా అనే పిలుస్తాను. నా పెళ్ళి పందిట్లో తాంబూలం నా పెద్దనాన్నకు ఇవ్వకుండా దాటిపోయింది అతని తండ్రే. అది వేరే కథ.

అతనే మనిషిని పంపి నన్ను పిలిపించాడు. "బావా, ఆ పెట్టె కొంచం తెరిచి చూడు, దుమ్ము పట్టినాది" అన్నాడు. చూశాను. మూత ఎత్తితే లోపల తీగలు. ఒక్కో మీటకు మూడేసి తీగలు, మూడూ కలిసి ఒకే స్వరం పలకాలి. అన్ని మీటలూ ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ వచ్చాను. కొండ చల్లదనం నుంచి మా ఊరి ఎండలోకి వచ్చిన కొయ్య కదా, మొత్తం మీద కొంచెం దిగింది. అది ఫరవాలేదు, అన్నీ కలిసే దిగాయి. కానీ నడి మధ్యలో అయిదో తెల్ల మీట దగ్గర ఆగిపోయాను. మా వైపు శ్రుతిని కట్టై లెక్కన చెబుతారు. అది అయిదో కట్టై. అందులో రెండు తీగలు ఒక మాట చెబుతున్నాయి, మూడోది ఇంకో మాట చెబుతోంది. నొక్కితే స్వరం నిలబడలేదు, నీళ్ళలో నీడలాగా ఊగింది. మూడో తీగ చుట్టిన ఇనుప మేకు కొయ్యలో వదులైంది. బిగిస్తే గంటలో మళ్ళీ జారుతోంది.

"బావా, అయిదో కట్టైలో ఒక తీగ దిగిపోయినాది. నిలవడం లేదు. ఆ ఒక్క తీగకు గుడ్డ ముక్క అడ్డం పెట్టి మాట్లాడకుండా చేసేద్దాం. మిగతా రెండూ చాలు" అన్నాను.

అతను వచ్చి ఆ మీట తనే నొక్కాడు. తల పక్కకు పెట్టి విన్నాడు. "బాగానే మోగుతుండాది గదా."

"ఊగుతుండాది."

"ఏమి ఊగుతుండాది? అది ఇంగ్లీషు నాదం బావా. హార్మోనియం మాదిరి ఉండాలంటే ఎట్లా? దొర వచ్చి చూసి, ఇందులో గుడ్డ ముక్కలు ఎవరు కుక్కినారని అడిగితే నేనేమి చెప్పేది?"

క్లబ్బులో ఒక తెల్ల కుక్క ఉండేది, సెక్రటరీది. పియానో పక్కనే పడుకుని ఉంది. నేను మళ్ళీ మీట నొక్కాను. కుక్క చెవులు రిక్కించి తల అటు తిప్పింది. పక్క మీట నొక్కాను. కదల్లేదు. మళ్ళీ అయిదోది నొక్కాను. మళ్ళీ తల తిప్పింది.

"చూడు, నీ కుక్కకు తెలుస్తుండాది" అన్నాను.

"దానికి ఈగ వాలినా అట్లనే తిప్పుతాది" అన్నాడు. అని, ఒక నిమిషం నా ఎడమ చెవి వైపు చూశాడు. "దూది తీసేసినావా బావా?"

ఆ చూపు నేను మరిచిపోలేదు. రెండు రోజులు తిరిగేసరికి ఆ చూపు ఊరంతా పాకింది. నాకు చెవి పోయిందని, బాగున్న పియానోను చెడిపోయిందంటున్నానని, ఇక భజనలో ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియడం లేదని. ఎవరు చెప్పారని అడిగితే ఒక్కరూ చెప్పరు. "చుమ్మా అనుకుంటుండారు మామా" అంటారు. ఊరికే ఎవరూ అనుకోరు. సెక్రటరీకి అక్క కొడుకు ఒకడున్నాడు. మిల్లులో పత్తి బేళ్ళు తూకం వేసే గుమాస్తా, పెళ్ళయినవాడు. మదురైలో ఎవరి దగ్గరో ఆరు నెలలు హార్మోనియం నేర్చుకుని వచ్చాడు. ఇప్పుడు ఎవరు చెప్పి ఉంటారో తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

శనివారం నేను చావడికి వెళ్ళేసరికి హార్మోనియం ముందు ఆ గుమాస్తా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. చావడి పెద్దాయన చెయ్యి ఎత్తి కూర్చోమన్నాడు. పెద్దాయన నాకు వరసకు చిన్నాయన, ఎనభై ఏళ్ళ మనిషి.

"చిన్నాయనా, నాకు చెవి పోయిందని ఎవరు చెప్పినారు మీకు?" అని అడిగాను.

"ఎవరు చెప్తే ఏమిలే. పోయిందో లేదో నాకేమి తెలుసు? నాకే సగం వినిపించదు."

"పియానోలో అయిదో కట్టై చెడిపోయినాది. అదే నేను చెప్పింది. అది నిజం."

పెద్దాయన డబ్బా తెరిచి చిటికెడు పొడుం పీల్చాడు. "సరి. ఆ దొర వస్తాడు గదా. ఆ పెట్టె తెలిసినవాడు. ఆయన వాయిస్తే చెడింది చెడిందని అందరికీ తెలుస్తాది. అప్పుడు నీ చెవి బాగున్నట్టు, నీ హార్మోనియం నీది. తెలియలేదంటే కొన్నాళ్ళు నువ్వు విని కూర్చో, ఈ తంబి వాయిస్తాడు. దానికి ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఇంటికి వచ్చాక ఎడమ చెవి మూసుకుని, కుడి చెవి మూసుకుని, నా సొంత హార్మోనియం ఎన్నిసార్లు వాయించి చూసుకున్నానో నాకే తెలుసు. ఎవరిమీద అనుమానం ఉన్నా ఓర్చుకోగలను. నా చెవి మీద నాకే అనుమానం రావడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. నిజంగా ఆ మీట ఊగిందా, నా చెవిలోనే ఊగిందా? ఆ దొర వచ్చి తేల్చాలి. చావడి కంటే ముందు నాకే తేలాలి.

పాటగాడూ పక్కవాద్యం మనిషీ పొద్దున రైలుబండికి దిగారు. సాయంత్రం బండికి పోవాలి. కచేరీ నాలుగు గంటలకు.

నాకు మూడో వరసలో స్తంభం వెనక కుర్చీ వేశారు. అక్కడి నుంచి చూస్తే స్తంభం, స్తంభం పక్కన సబ్ ఇన్‌స్పెక్టరు తలపాగా కనిపించాయి. లేచి వెళ్ళి పక్క గోడకు, కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి పియానో మీటలు పూర్తిగా కనిపిస్తాయి. "కూర్చో బావా, ఎందుకు నిలబడుకోని" అని సెక్రటరీ రెండుసార్లు వచ్చాడు. ఎందుకో అతనికి తెలుసు. నేను కదలలేదు. కచేరీ అంతా నిలబడే విన్నాను.

పాటగాడు భారీ మనిషి, ఎర్రటి ముఖం. పక్కవాద్యం మనిషి సన్నగా, కళ్ళద్దాలతో, అతని కంటే పెద్దవాడు. రైల్లోంచి సామాను దించింది కూడా ఈ రెండో మనిషేనని స్టేషన్‌కు వెళ్ళినవాళ్ళు చెప్పారు. సెక్రటరీ ఇంగ్లీషులో కాగితం చదివాడు, ఇంగ్లాండు దేశపు గొప్ప గాయకుడు మన ఊరికి రావడం అని. పాటగాడు లేచి, నవ్వుతూ, తాను ఇంగ్లాండువాణ్ణి కాదు, ఐర్లండువాణ్ణి, మధ్యలో సముద్రం ఉంది, సముద్రం కాక ఇంకా కొన్ని ఉన్నాయి అన్నాడు. వెనక వరసల్లో ఖద్దరు చొక్కాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. సబ్ ఇన్‌స్పెక్టరు మెల్లగా వెనక్కి తిరిగి ఎవరెవరు కొట్టారో చూశాడు. చప్పట్లు ఆగిపోయాయి.

పాటగాడు నిలబడి, ఒక చెయ్యి పియానో మీద వేసి పాడాడు. తంబూరా లేదు, తాళం వేసేవాళ్ళు లేరు. గొంతు మాత్రం పెద్దది, కిటికీ రెక్కలు అదిరాయి. మొదటి పాట అయిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. పల్లవి అయింది, ఇక ముందుకు పోతాడని ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఆయన వంగి దండం పెట్టాడు. అప్పుడు తెలిసి చప్పట్లు కొట్టాం.

"ఇంతేనా?" అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న పాత పత్తి వ్యాపారి ఒకాయన. నాగస్వరం ఎక్కడ ఉన్నా నడిచి వెళ్ళి వినే మనిషి. "గొంతు బాగుండాది. స్వరం మాత్రం కర్ర మాదిరి నిలబెట్టినాడు. ఒక్క చోట కూడా వంచలేదే."

నేను పాట వినలేదు. నా కళ్ళు పక్కవాద్యం చేతుల మీద ఉన్నాయి. పాడేవాడి భుజం చూసి, ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడో కనిపెట్టి, అందాకా ఆగి వాయిస్తున్నాడు. అది నా పనే కనక నాకు తెలుసు. ఆ సన్నటి మనిషి గట్టివాడు. కానీ రెండో పాటలోనే నేను ఒకటి కనిపెట్టాను. నడి అయిదో కట్టై మీద అతని వేలు పడడం లేదు. వేలు దాని దాకా వస్తుంది, వాకిట్లో పడుకున్న మనిషిని తొక్కకుండా పక్కనుంచి నడిచినట్టు దాటిపోతుంది. తప్పనిసరి అయిన చోట పై అయిదో, కింది అయిదో వాయిస్తున్నాడు. మూడో పాట, నాలుగో పాట, అదే. ఒక్కసారి కూడా వేలు తగల్లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత సరిగ్గా ఎలా దాటుతున్నాడు? పొద్దున్నుంచి సెక్రటరీ వాళ్ళ వెంటే ఉన్నాడు. భోజనం అతని ఇంట్లోనే. ఫలానా మీట జోలికి పోవద్దు దొరా అని చెప్పే ఉంటాడు. చెడిన మీట వాయించకపోతే చెడినట్టు ఎవరికి తెలుస్తుంది? హాల్లో ముందు వరసలో చావడి పెద్దాయన కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన గుమాస్తా. ఇద్దరికీ ఏమీ తెలియకుండా కచేరీ అయిపోతుంది, నా హార్మోనియం పోతుంది.

మన కచేరీల్లో ఒక పద్ధతి ఉంది. కావలసింది చీటీ మీద రాసి పంపితే పాడతారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. పాట నడుమ పాడేవాడు ఆగి, పక్కవాద్యానికి కాసేపు వదిలేస్తాడు. ఆ కాసేపు వాద్యం వాయించేవాడు ఒక్కడే, తని. ఏ చిన్న కచేరీలోనైనా అది లేకుండా ఉండదు. ఈ పెద్దమనిషి అయిదు పాటలు పాడినా పక్కవాద్యానికి ఆ మర్యాద ఇవ్వలేదు. పాట తోడు ఉన్నంతసేపే మీట దాటడం సులువు. ఒంటరిగా వాయిస్తే ఎక్కడ దాక్కుంటాడు?

జేబులో బస్సు టిక్కెట్టు చీటీ ఉంది. వెనక పెన్సిలుతో నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. అయ్యా, పియానో పెద్దమనిషిని కూడా కాసేపు ఒక్కణ్ణే వాయించనివ్వండి, ఇది మా వైపు మర్యాద అని. చేతులు మారుతూ ముందుకు పోయింది. సెక్రటరీ అడ్డం వచ్చి తీసుకోబోయాడు గానీ పాటగాడే చెయ్యి చాచి అందుకున్నాడు.

ముందు తనలో చదువుకున్నాడు. తరవాత పైకే చదివాడు. ముందు వరసల్లో "అవును గదా, తని లేదే" అన్నారు. "తని విడండి సార్" అని వెనక నుంచి ఒకరు. పాటగాడు చీటీని పక్కవాద్యం ముందు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని చేతులు కట్టుకున్నాడు. ఆ సన్నటి మనిషి చీటీ చూసి, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చీటీ చూశాడు. వద్దన్నట్టు తల ఊపాడు. జనం కదలకుండా చూస్తూ కూర్చున్నారు. అప్పుడు మొదలుపెట్టాడు.

మెల్లగా నడిచే పాట. మొదట్లో దాటాడు. రెండోసారి కూడా దాటాడు. కానీ పాట ఒక చోట పైకి ఎక్కి, అక్కడ నిలబడి కిందికి చూడాలి. ఆ నిలబడే చోటు అయిదో కట్టై. అక్కడ ఇంకో మీట కొడితే పాటే ఉండదు. వేలు ఒక రెప్పపాటు గాల్లో ఆగింది. పడింది.

స్వరం ఊగింది. నీళ్ళలో నీడలాగా, నేను మొదటి రోజు విన్నట్టే ఊగింది. నా రెండు చెవుల్లోనూ ఊగింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. ఇప్పుడు తెలిసిపోతుంది అనుకుని హాలు వైపు తిరిగాను.

"భలా" అన్నాడు పాత పత్తి వ్యాపారి.

ఆయన ఒక్కడే కాదు. ముందు వరసలో తలలు ఊగాయి. అరగంట సేపు డాక్టరు కోసం కాచుకున్నట్టు కూర్చున్న జనం అప్పుడే నిద్ర లేచినట్టు కదిలారు. పాట మళ్ళీ పైకి ఎక్కుతుంటే ముందుగానే నిటారుగా కూర్చున్నారు. వేలు పడగానే "ఆహా, భలా" అన్నారు. కర్ర మాదిరి స్వరాల మధ్య ఆ ఒక్క స్వరమే కొంచెం వంగింది, కదిలింది, మన నాగస్వరంలో లాగా ఒక గమకం పలికింది. చెడిపోయిన తీగను వాళ్ళు గమకం అనుకున్నారు. పక్కవాద్యం మనిషి ఎగతాళి చేస్తున్నారేమోనని ఒకసారి కళ్ళద్దాల మీదుగా చూశాడు. ఎగతాళి కాదు. చావడి పెద్దాయన తొడ మీద చేత్తో తాళం వేస్తున్నాడు. మూడోసారి ఆ చోటికి వచ్చినప్పుడు ఆ మనిషి కావాలనే అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబెట్టాడని నా నమ్మకం. ముగించగానే కొట్టిన చప్పట్లు పాటగాడికి అంతవరకూ ఒక్క పాటకూ రాలేదు. పాటగాడి ముఖం ఇంకొంచెం ఎర్రబడింది.

తరవాత రెండు పాటలు, దండలు, తాంబూలం. రైలుకు వేళవుతోందని అందరూ తొందరపడుతుంటే పక్కవాద్యం మనిషి చీటీ పట్టుకుని, ఇది ఎవరు రాశారు అని అడిగాడు. సెక్రటరీ వినబడనట్టు అటు తిరిగాడు. నేనే ముందుకు వెళ్ళాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇన్నేళ్ళలో తనను ఒంటరిగా వాయించమని ఎవరూ అడగలేదన్నాడు. నేను అందుకోసం అడగలేదని చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు. పియానో వైపు వేలు చూపించాను. ఆయన నా ముఖం చూసి, వంగి, అయిదో కట్టై మెల్లగా నొక్కాడు. కనుబొమలు ఎత్తాడు. నేను మూడు వేళ్ళు చూపి, మూడో వేలు కిందికి వంచాను. ఆయన గట్టిగా నవ్వాడు. అవును, మూడో తీగే అన్నాడు. పొద్దున ఒక గంట కూర్చుని అన్ని మీటలూ చూసుకున్నాడట. మీరు సరిగ్గా విన్నారు, అన్నాడు. మెల్లగా అన్నాడు, నాకు మాత్రమే.

సెక్రటరీ ఆయనకు ఏమీ చెప్పలేదన్నమాట. ఈ ముక్క రాయడం నాకు ఇష్టం లేదు, అయినా రాస్తున్నాను. అయితే ఆ గంటసేపూ సెక్రటరీ ఆ హాల్లోనే ఉన్నాడు.

"అయ్యా, ఈ మాట వాళ్ళకు చెప్పండి" అన్నాను, పెద్దాయన వైపు చూపిస్తూ. ఇంత ఇంగ్లీషు నాకు వచ్చు. ఆయన అటు చూశాడు. మెడలో మల్లెపూల దండ, ఎదురుగా తాంబూలం పళ్ళెం పట్టుకుని సెక్రటరీ, వెనక ఊరి పెద్దలు. మెడలో దండ సర్దుకున్నాడు. ఆ తరవాత అందరివైపూ తిరిగి, చక్కటి పియానో, చాలా చక్కటి పియానో, వాయించినందుకు సంతోషం అన్నాడు. సెక్రటరీ దాన్ని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి అందరికీ వినబడేలా చెప్పాడు. ఆ సన్నటి మనిషి నా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్యాద కోసం అన్నాడని మా ఇంటావిడ అంటుంది. ఎవరి మర్యాద? నాతో ఒకటి, ఊరితో ఒకటి చెప్పిన మనిషిని మంచివాడని నేను ఈ రోజుకీ అనలేదు.

"బావా, ఆ దొర నాతో చెప్పినాడు, మూడో తీగ అని" అన్నాను సెక్రటరీతో, వాళ్ళ బండి స్టేషనుకు కదిలాక.

"అప్పడియా? అట్లనా? ఎవరికీ వినిపించలేదే. నీకు ఒక్కడికే వినిపించినాదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఇప్పుడు చూడు, గుడ్డ ముక్క కుక్కమంటివి గదా. కుక్కి ఉంటే ఆ భలా ఎక్కడ నుంచి వచ్చేది?"

నేను చెప్పులు వేసుకుని ఇంటికి నడిచాను.

శనివారం చావడిలో పెద్దాయన తీర్పు చెప్పాడు. "ఊరంతా బాగున్నాదన్న స్వరం నీకు చెడ్డదిగా వినిపించినాది. నేనేమి చేసేది చెప్పు. కొన్నాళ్ళు కూర్చో" అన్నాడు. హార్మోనియం గుమాస్తా ముందుకు జరిగింది. నా చెవి బాగుందని నాకు తెలుసు. అంతకుముందు తెలియదు, ఇప్పుడు తెలుసు. కానీ తెలిసిన ఇంకో మనిషి రైలెక్కి పోయాడు.

నేను భజన మానతానని అందరూ అనుకున్నారు. మానలేదు. ప్రతి శనివారం వెళ్ళి గుమాస్తాకు ఎదురుగా కూర్చున్నాను. తప్పు వాయించినప్పుడు ఏమీ అనలేదు, ముఖం కూడా కదపలేదు. కొన్ని నెలలకు అతను శ్రుతి పెట్టేముందు ఒకసారి నా వైపు చూడడం మొదలుపెట్టాడు. నేను గోడ వైపు చూసేవాణ్ణి.

మరుసటి ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున హార్మోనియం భుజాన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద దించి, చెమట తుడుచుకుని నిలబడ్డాడు.

"చిన్నాయనా, ఇందులో ఏదో ఒక రీడు సరిగా లేదు. పాడేవాళ్ళు ఆ చోట తడబడుతుండారు. ఏదని నాకు తెలియడం లేదు. రొంబ సేపు చూసినాను."

"మీ మామ పంపినాడా?"

"లేదు చిన్నాయనా."

"పెద్దాయన పంపినాడా?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చినాను. మా మామకు తెలిస్తే తిడతాడు."

నేను నమ్మలేదు. ఆ ఇంటివాళ్ళు ఊరికే మా అరుగు ఎక్కరు. నా చెవిని ఇంకోసారి పరీక్ష పెట్టి, తప్పు చెబితే నవ్వుకోవడానికి పంపారని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అతన్ని కూర్చోమని కూడా అనలేదు. తిత్తి ఒక చేత్తో ఊదుతూ కింది నుంచి పైకి ఒక్కొక్క మీటే నొక్కుకుంటూ వచ్చాను. ఏడోది దాటకముందే తెలిసింది. అతనికి చెప్పలేదు. మా ఇంటావిడను పిలిచి, లోపల నుంచి స్క్రూ డ్రైవరు తెమ్మన్నాను.